గుంట ఒడ్డున రెండో జత

దయ్యాలంటే నాకు నవ్వులాట. మా అక్క దిష్టి తీస్తుంటే పక్కన కూర్చుని పకపకా నవ్వేవాణ్ణి. ఉంటే నా ఎదుటికి రమ్మను చూద్దాం అనేవాణ్ణి. ఆ నోటి దురుసంతా ఒక్క మధ్యాహ్నంతో పోయింది.

నిజాం పాలన ఆఖరి రోజులవి. పెన్‌పహాడ్ అవతల గుట్టల్లో క్రోమైట్ వెదికే సర్వే జట్టులో పని చేసేవాణ్ణి. ఉక్కు గట్టిపడటానికి వాడే నల్లరాయి అది. అనుమానం తగిలిన చోటల్లా గుంట తవ్వించి, లోపలికి దిగి, రాయి కొట్టి పింగాణీ పెంకు మీద గీసేవాళ్లం. గోధుమరంగు చార పడితే క్రోమైట్. తవ్వకం మేస్త్రీ మా అక్క మొగుడు నర్సయ్య బావే.

మా పనిలో ఒక కట్టు ఉండేది. గుంటలోకి దిగేవాడు చెప్పులు ఒడ్డున విడిచి దిగాలి. అవి ఉన్నంతసేపూ లోపల మనిషి ఉన్నట్టే. వాడు దిగిన మోకుతాడు తియ్యకూడదు, గుంట పూడ్చకూడదు.

ఆ రోజు కూలీలు బువ్వకు పోయారు. ఆ గుంటలో మట్టి వదులుగా ఉందని సాయంత్రానికి పూడ్చేద్దామనుకున్నాం. చివరిసారి రాయి తీద్దామని నేను దిగాను. ఎంత ఇరుకంటే, మోచేతులు రెండు గోడలకూ రాసుకున్నాయి. పైనుంచి బావ గొంతు వినబడింది.

"బామ్మర్దీ, నీతోని ఇంకెవలు దిగిండ్రు?"

"మీ తాత దిగిండు బావా!"

"పరాశికం కాదురా. గీడ రెండు జతల చెప్పులున్నయ్."

వెనక గోడ నుంచి మట్టి జలజలా రాలింది. తిరిగి చూసే ధైర్యం లేదు. గుంజు బావా, గుంజు అని అరిచాను.

పైకొచ్చి చూస్తే నిజమే. సూర్యాపేట అంగట్లో కొన్న నా కొత్త కిర్రు చెప్పులు, పక్కనే మడమలరిగిన పాత జత. వాటి మట్టి ఇంకా తడిగా ఉంది. అది నడి ఎండాకాలం. గుంట అడుగు దాకా ఎండ పడుతోంది, లోపల పురుగు కూడా లేదు.

ఉరుకుదాం పద అని బావ చెయ్యి పట్టి లాగాను. ఆయనకూ భయమే, కానీ కదల్లేదు.

"ఎవలైతేంది, పాణం గాదురా? గోడ కూలెటట్టున్నది. ఇయ్యాల గీన్ని ఇడిసిపోతే రేపు మనల్ని ఎవలు గుంజుతరు?"

మోకు మళ్లీ లోపలికి వదిలాడు. కాసేపటికి అది బిగిసింది. అమ్మో, ఆ బరువు! అచ్చం మనిషి బరువే. కళ్లు గట్టిగా మూసుకుని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతూ ఇద్దరం గుంజాం. ఒడ్డు దాకా వచ్చాక బరువు ఉన్నట్టుండి పోయింది. వెల్లకిలా పడ్డాం. వెంటనే గోడ ఒక పక్క దబ్బున కూలింది.

మోకు కొసన ఎవరూ లేరు. గుట్ట దిగువకు కిర్రు కిర్రుమని చప్పుడు పోతుంటే ఇద్దరం విన్నాం. నా చెప్పులు లేవు. పాత జత అక్కడే ఉంది.

దాన్ని ముట్టనంటే ముట్టనని, కాలే బండల మీద వట్టి కాళ్లతో నడిచాను.

ఆ గుంటను బావ పూడ్చనివ్వలేదు. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టే కదా. నా చెప్పులేసుకుని పోయింది ఎవరో, ఆ పాత జత ఎవరి కోసం మిగిలిందో నాకు ఈనాటికీ అంతు పట్టలేదు.