ఫర్మాయిష్ లేని పాట

ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో ఉండే డానియేలు ఇరవై ఆరేళ్లుగా పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తున్నాడు. ఎర్ర కోటు, భుజాల మీద జరీ అల్లిక, నెత్తిన కుచ్చు టోపీ. పెళ్లికొడుకులు మారారు, గుర్రాలు మారాయి, ఆ కోటు మాత్రం మారలేదు. ఇంతకాలం ఊరందరి పాటలూ ఊదిన మనిషికి యాభై దాటాక సొంత పాట ఒకటి పుట్టింది. రైలు కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చున్నప్పుడల్లా ముక్కముక్కగా కట్టుకున్నాడు. నిదానంగా మొదలై, మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎవరినో పలకరించినట్టు సాగే పాట. దానికి మాటలు లేవు, పేరూ లేదు.

పాట పుట్టింది గానీ దానికి చోటు లేదు. బ్యాండు యజమాని లాల్‌దర్వాజా కైలాసం. బరాత్ ఊరేగింపులో ఆయన బ్యాండుకు ఫర్మాయిష్ వస్తేనే పాట. పెళ్లివారిలో ఒకరు నోటు తీసి, పెళ్లికొడుకు తల చుట్టూ దిష్టి తీసినట్టు తిప్పి, కైలాసం చేతిలో పెట్టి ఫలానా పాట కావాలనాలి. అడగని పాట ఊదడమంటే పిలవని పెళ్లికి వెళ్లి పంక్తిలో కూర్చోవడమే.

"సేటూ, బరాత్‌ల ఒక్కపారి నా పాట ఊదుత" అన్నాడు డానియేలు.

"ఎవడడిగిండు నిన్ను?"

"తెలిస్తే గదా అడిగేది!"

"గదే చెప్తున్న. ఒక్కడంటే ఒక్కడు నోటు తిప్పి నీ పాట అడగనీ. గుర్రాన్ని ఆపి, బ్యాండంత నిలబెట్టి వాయిపిస్త. నా జబాన్, మాట తప్ప."

ఆ ఒక్కడు దొరకాలంటే ముందు పాట ఫోనుల్లోకి ఎక్కాలని కూతురు సుజన తేల్చింది. ఆ అమ్మాయి చాంద్రాయణగుట్టలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది. తండ్రి పేరున పేజీ తెరిచి మొదటి వీడియో తీసింది. డానియేలు పద్ధతిగా కూర్చుని, క్లారినెట్ మూతికి పెట్టే రీడు అనే రెల్లుముక్కను నాలుకతో తడిపి, బిగించి, ఊది చూసి, నచ్చక విప్పి, మళ్లీ తడిపి బిగించాడు. పాట మొదలయ్యేసరికి వీడియో అయిపోయింది.

"డాడీ, మూడు సెకన్లల పాట రావాలె. లేకుంటే జనం వేలితోటి పైకి తోసేస్తరు."

"మూడు సెకన్లల రీడు తడవదమ్మా."

"తడిపేది కట్ చేద్దాం."

"తడపకుంటే పాట యాడికెళ్లొస్తది?"

నెల తిరిగేసరికి పేజీకి అరవై ఒక్కమంది చేరారు. వారిలో నలభైమంది చర్చివాళ్లు. ప్రతి వీడియో కిందా "దేవునికి స్తోత్రం బ్రదర్" అని రాసేవారు. డానియేలు అత్తగారు నాగమణమ్మ వినకుండానే లైకు కొట్టేది. "ఇనేదేముంది? గోడకు అవతలనే గదా ఊదేది" అనేది. మిగిలిన వాళ్లలో ఒకాయన ఎంతో ఆసక్తిగా, క్లారినెట్ అమ్ముతారా అని అడిగాడు.

లాభం లేదని సుజన తండ్రిని వేణుమాధవ్ దగ్గరికి తీసుకెళ్లింది. అతని తండ్రి గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొడుకు మాత్రం సుజన పనిచేసే దుకాణం పైగదిలో, కళాకారులకు జనాన్ని పెంచుకునే విద్య నేర్పుతున్నాడు. జన్మలో ఏ వాయిద్యమూ ముట్టినవాడు కాడు కనుక సలహాకు అడ్డేమీ ఉండేది కాదు.

"పాట సంగతి తర్వాత చూద్దామండీ. ముందు మీ కథ కావాలి. కష్టాలేమైనా పడ్డారా?"

"పడ్డ సార్. ఎవలు పడలే?"

"అవి ఏడుస్తూ చెప్పాలండీ. వెనక మీ క్లారినెట్ సన్నగా వినిపిస్తుండాలి."

"నేను ఏడుస్తుంటే క్లారినెట్ ఎవలూదుతరు సార్?"

వేణుమాధవ్, అయితే డ్యాన్స్ చేయండన్నాడు. డానియేలు ఎర్ర కోటు తొడుక్కుని స్టేషన్ గేటు ముందు మూడు సాయంత్రాలు ఎగిరాడు.

"గీ వయసుల గీ ఎగురుడేందయ్యా? పాస్టరుగారు చూసిండంట!" అని భార్య బేబీ తల పట్టుకుంది.

"చూసిండా? లైకు గొట్టిండా?" అన్నాడు డానియేలు.

అసలు సంగతి వైశాఖంలో ఒక పెళ్లిలో జరిగింది. కైలాసం భోజనానికి వెళ్లిన సమయంలో, పెళ్లి వీడియోలు తీసే శ్రవణ్‌కుమార్ డానియేలు దగ్గరికి వచ్చాడు. పెళ్లికూతురు మిర్చిబజ్జీ తింటూ మెట్లు దిగుతుంటే రీల్ తీయాలట.

"అన్నా, సినిమా పాట పెడితే సౌండ్ తీసేస్తున్నరు. ఎవలదీ కాని పాటేదన్న ఉంటే ఊదు."

"ఎవలదీ కానిది లేదు తమ్మీ. నాదొకటుంది."

"గదే ఊదు."

నోటు తిప్పలేదు కనుక అది ఫర్మాయిష్ కిందికి రాదని డానియేలుకు తెలుసు. అయినా అడిగిన మొదటి మనిషి కదా, కడదాకా ఊదాడు. వీడియో కింద నా పేరు పెట్టమని మాత్రం అనలేదు. పెళ్లిలో బ్యాండువాడి పేరు ఎవరూ అడగరు, బ్యాండువాడూ చెప్పుకోడు.

శ్రవణ్‌కుమార్ ఆ పాటను ఒకటిన్నర రెట్ల వేగానికి పెంచి, "శ్రవణ్ సొంత సంగీతం" అని పేరు పెట్టి వదిలాడు. వారంలో తొమ్మిది లక్షలమంది చూశారు.

"డాడీ, దుబాయ్‌ల ఒకామె నీ పాట మీద పిల్లికి తానం పోస్తుంది!"

"మంచిగ పోస్తుందా?"

"నీ పేరు లేదు డాడీ!"

సుజన కోపంతో తండ్రి వీడియోను మళ్లీ పెట్టింది. గంటలో దాని గొంతు మూగబోయింది. ఈ సంగీతం వేరొకరిదని కింద ఒక వాక్యం. వేణుమాధవ్ అయితే, "దొంగిలించారంటే హిట్టయినట్టేనండీ" అని అభినందించి, ఆ విషయం మీద తన ముఖంతో ఒక పాఠం వదిలాడు.

డానియేలు వెళ్లి శ్రవణ్‌కుమార్‌ను నిలదీశాడు. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎవలదీ కాదనే గదన్నా తీసుకున్న?"

"నాదని చెప్పిన గదరా!"

"నీదంటే ఎవలదీ కానట్టే గదా అనుకున్న."

తర్వాతి వారం లాల్‌దర్వాజాలో బరాత్. పెళ్లికొడుకు దోస్తు ఒకడు నోటు తిప్పి కైలాసం చేతిలో పెట్టాడు. "మాస్టర్, గా మిర్చిబజ్జీ పాట!"

కైలాసానికి అర్థం కాలేదు. కుర్రాడు ఫోను చెవి దగ్గర పెట్టాడు. కైలాసం విన్నాడు, డానియేలు వైపు చూశాడు. తర్వాత చెయ్యెత్తి గుర్రాన్ని ఆపి, బ్యాండంతటినీ నిలబెట్టాడు.

డానియేలు కళ్లు మూసుకుని తన పాటను తన నడకలోనే ఎత్తుకున్నాడు. ఎగరడానికి చేతులు పైకెత్తిన దోస్తులు ఆ చేతులను ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డారు.

"గిట్ల కాదంకుల్! మొత్తం ఖరాబ్ చేస్తున్నవ్. ఒకపారి ఒరిజినల్ ఇను" అని నోటు తిప్పిన కుర్రాడు ఫోను పెట్టాడు.

డానియేలు విన్నాడు. "గిది ఊదినోడు నడిమిట్ల ఆగుతలేడు బాబూ."

"ఎందుకాగాలె?"

"ఊపిరి దీసుకోవద్దా?"

"ఆయనకు అవసరం లేదంకుల్. ఆయన పెద్ద కళాకారుడు."

"ఏయ్, గా పాట కట్టిందే గీయన..." అని కైలాసం ముందుకు దూకబోయాడు. డానియేలు చొక్కా పట్టి ఆపాడు.

"పెళ్లికాడ లొల్లి వద్దు సేటూ. ఫర్మాయిష్ వచ్చింది గదా."

ఒకటిన్నర రెట్ల వేగంతో, ఆగకుండా ఊదాడు. ముఖానికీ కోటుకూ రంగు తేడా లేకుండా పోయింది. నాలుగుసార్లు నోటు తిరిగింది, నాలుగుసార్లూ ఊదాడు.

తెల్లారి బేబీ చాయ్ ఇస్తూ అడిగింది. "అడిగిండ్రా?"

"నాలుగుసార్లు."

"నీ పాటేనని చెప్పినవా?"

"చెప్పేతందుకు ఊపిరేది?"

ఇంతలో సుజన ఫోను తెచ్చింది. ఆ దోస్తు బరాత్ వీడియో పెట్టేశాడు, బ్యాండ్ అంకుల్ కష్టపడ్డాడు పాపం అన్న మాటతో. కింద అందరూ నవ్వారు. స్రవ్య అనే ఆమె ఒక్కతే, మొదట నిదానంగా ఊదిన ముక్క ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

డానియేలు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. "ఆమె ఇంట్ల పెండ్లెప్పుడో అడుగమ్మా. నోటు తిప్పమను."

సుజన రాసింది. చాయ్ అయిపోకముందే జవాబొచ్చింది. అక్టోబరులో వాళ్ల అన్న పెళ్లి, కాకపోతే డీజే మాట్లాడుకున్నారట.

డానియేలు గ్లాసు కింద పెట్టాడు. "కరెంటు పోతే ఫోన్ చెయ్యమని రాయి."