వావిలాకు ముడి

పాటకంటే ముందే కృపామణి వేళ్ళు మొదలయ్యేవి. కూర తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా అవి గాలిలో మెట్లు వెతుక్కునేవి. పెళ్ళయి నర్సీపట్నం వచ్చిన నాటి నుంచీ మిషన్ చర్చిలో హార్మోనియం ఆమెదే. అలాంటిది పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో, క్రిస్మస్ ముంగిట్లోకి వచ్చేసరికి, కుడి మణికట్టు బూరెలా పొంగింది. బిళ్ళలు కడుపులో మంట పెట్టాయే తప్ప వాపు దిగలేదు.

"ఈసారికి ఒట్టి గొంతులతో కానిద్దాం" అన్నారు పాస్టరుగారు. ఆమెకు పండగే ఆరిపోయినట్టనిపించింది.

నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డు నుంచి బస్సులో చేపలు తెచ్చి అమ్మే అప్పలకొండమ్మ ఆ చెయ్యి చూసింది.

"ఏటమ్మా ఇది! వల లాగి లాగి మావోళ్ళ సేతులు వాస్తే వావిలాకే కడతాం."

బలిఘట్టం దగ్గర ఏటి ఒడ్డున ఆకు కోసుకొచ్చి, ఆముదంలో వెచ్చజేసి కట్టింది. ఇల్లంతా పచ్చటి ఘాటు. మర్నాటికి వేళ్ళు వంగాయి. కృపామణికి మనసు ఆగలేదు. కట్టు విప్పి హార్మోనియం పెట్టె ముందు కూర్చుంది. సాయంత్రానికి వాపు మళ్ళీ మొదటికొచ్చింది.

"నువ్వు కుదురుగుండకపోతే ఆకేటి సేస్తాది?" అంటూ అప్పలకొండమ్మ ఈసారి గుడ్డకు వల ముడి వేసింది. ఎడమచేత్తో ఎంత గింజుకున్నా విడని ముడి. "రోజూ నానే వొచ్చి ఆకు మారుస్తాను. కత్తెరెట్టనని మాటియ్యి."

"ఇచ్చాను. పండగపూట మాత్రం బేగి రావాలి."

"తొలి బస్సుకే దిగుతాను."

క్రిస్మస్ పొద్దున చర్చి నిండిపోయింది. కట్టు కింద చెయ్యి గూట్లో పిట్టలా కొట్టుకుంటోంది. తొలి బస్సు మాత్రం రాలేదు. భర్త క్రీస్తుదాసు కత్తెర పట్టుకొచ్చాడు.

"తెంపెయ్యనా?"

"మాటిచ్చానండీ."

"పాట తప్పినా సరేనా?"

ఆమె గుమ్మం వైపే చూస్తోంది.

పాస్టరుగారు పాటల పుస్తకం తెరిచేసరికి గుమ్మంలో గుప్పున చేపల వాసన.

"జరగండర్రా! బస్సు కోటవురట్ల కాడ ఆగిపోయి ఇప్పుడే వొచ్చినాది, నానేటి సెయ్యను!"

గంప బయటే వదిలేసి అప్పలకొండమ్మ ఉరుకులు పరుగుల మీద వచ్చి, ఒక్క కొస లాగింది. ముడి జారింది. వాడిన ఆకులు ఒడిలో రాలాయి. సన్నటి మణికట్టు ఆముదంతో మెరిసింది.

హార్మోనియం తిత్తి ఊగింది. నూనెవేళ్ళు జారి మొదటి స్వరం తప్పింది. రెండోది దొరికింది. ఇక వరద! బెంచీలన్నీ లేచి నిలబడ్డాయి.

"సూసినారా, వాయిస్తన్నాది నా ఆకే!" అని పాట మధ్యలో అప్పలకొండమ్మ కేక పెట్టింది. ఎవరూ ఊరుకోమనలేదు. పెట్టె ముందు కృపామణి నవ్వుతూనే రెండో చరణం ఎత్తుకుంది.