నడుమ వాల్వుకు కట్టిన తాడు

మా బిడ్డ వనపర్తిలో మెకానికల్ డిప్లొమా చదువుతోంది. పోయిన వానకాలం గద్వాలకు వస్తూ, మాకు చూపిద్దామని ఒక చెక్క రైలింజన్ ఒళ్ళో పెట్టుకొని వచ్చింది. బొగ్గుతో నడిచే పాతకాలపు ఇంజన్ బొమ్మ అది. పిడి తిప్పితే చక్రాలు తిరగాలి, ఆవిరిని సిలిండర్లలోకి వదిలే మూడు వాల్వులూ ముందుకూ వెనక్కూ జరగాలి. మరునాడే కాలేజీలో ప్రదర్శన. నడిచే బొమ్మనే బల్ల మీద పెట్టనిస్తానని సారు ముందే చెప్పాడట.

తీరా చూస్తే, బస్సు కుదుపులకు నడుమ వాల్వును కదిలించే పుల్ల విరిగింది. పిల్ల మొహం చిన్నబోయింది.

"బయటి రెండు వాల్వులకు చక్రాల పక్క కడ్డీలున్నయమ్మా. నడుమదానికి గంత జాగ లేదు. అందుకే గీ రెండు అడ్డకర్రలు. బయటి రెండింటి కదలికను కలిపి నడుమదానికి ఇస్తయి," అంది.

"అంటే అన్న, తమ్ముడు ఆడించినట్ల నడిపోడు ఆడుతడన్నట్టు," అన్నాను.

"గట్లనే!" అని నవ్వింది.

మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. "గీ పుల్లకేనా పరేషాను? నువ్వు పోయి బువ్వ తిను బిడ్డా, నేను జూస్త," అన్నాడు.

పట్టు అంచును నూలు చీరకు అతుకు కనపడకుండా కలిపే చేతులాయనవి. మగ్గం తాడు తెచ్చి, అడ్డకర్రకూ వాల్వుకూ చక్కగా ముడేశాడు. పిడి తిప్పితే వాల్వు ముందుకొచ్చింది. వచ్చినది అక్కడే కూర్చుంది. ముడి వదులైందని బిగించాడు. నేను కొబ్బరినూనె రాశాను. అయినా అది వెనక్కు పోలేదు.

పిల్ల ఎంగిలిచేత్తోనే వచ్చి చూసింది. "నాయ్నా, తాడు గుంజుతది గాని నూకుతదా?"

"మగ్గంల అన్నీ గుంజుడే గదనే! నూకుడు యాడిది?" అన్నాడాయన. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

అయినా ఊరుకున్నాడా? వాల్వు వెనక ఒక రాయి వేలాడదీశాడు, వెనక్కు లాగుతుందని. మెల్లగా తిప్పితే బాగానే ఆడింది. జర జోరుగా తిప్పేసరికి రాయి ఊగి, నడుమ వాల్వు దాని ఇష్టం వచ్చినట్టు గంతులేసింది.

"నీ రాయి తాగొచ్చినట్టుంది," అన్నాను.

"నీ నూనె ఏం జేసిందో!" అని నన్నే అన్నాడు.

చివరకు, మగ్గం మీద పోగులు చిక్కుపడకుండా దూర్చే వెదురుపుల్ల పాతదొకటి తీసి, సన్నగా చీల్చి, రెండు కొసలకూ బెజ్జాలు పెట్టాడు. పిల్ల మేకులు బిగించి పిడి తిప్పింది. లాగితే వచ్చింది, తోస్తే పోయింది. ఎంత జోరుగా తిప్పినా మూడు వాల్వులూ తమ వంతు తప్పకుండా కదిలాయి.

మరునాడు సాయంత్రం ఫోన్ వచ్చింది. "బల్ల మీద పెట్టిన్రమ్మా, పొద్దంతా నడిచింది!"

నేను నోరు తెరిచేలోపే ఆయన ఫోన్ గుంజుకున్నాడు.

"గది సరే బిడ్డా, నా పుల్ల బాగనే ఉంది గదా?"