పన్నెండో కుర్చీ

పవిత్ర గురువారం సాయంత్రం ఫాదర్ పన్నెండు మంది కాళ్ళు కడుగుతాడు. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినదానికి అది గుర్తు. మనిషి తగ్గి ఉండాలని చెప్పే పండుగ. మా బొల్గ్యో బురద తీరంలో మాత్రం ఆ తగ్గేవాళ్ళలో చోటు కోసం మగవాళ్ళు ఏడాది పొడుగునా ఒకణ్ణొకడు తొక్కుకుంటూ ఉంటారు.

గు బోంగ్‌షిక్ సంగతే చూడండి. రైతు సహకార సంఘంలో గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి. బురద తీరంలో పుట్టి కూడా కాలికి బురద అంటకుండా బతికానని గర్వంగా చెప్పుకుంటాడు. ఆ బురదలో దిగి గుల్లలు ఏరేది అతని పెళ్ళాం కుట్సున్. ఇంక ఆడపిల్లలు చాలు, ఇదే ఆఖరుది అని తండ్రి ఆమెకు ఆ పేరు పెట్టాడు. బురద మీద జారే చెక్క పలక మీద ఎడమ మోకాలు ఆనించి, కుడికాలితో బురదను తన్నుకుంటూ పోతుంది. చలికాలమంతా ఆ కుడికాలికి స్పర్శ ఉండదు.

కడిగేది ఒక్కొక్కరి కుడికాలు మాత్రమే. ఎవరివి కడగాలో ఫాదర్ ముందే చెబుతాడు. కుర్చీ మాత్రం ముందొచ్చినవాడిది. మొదటి కుర్చీ శిష్యుల్లో పెద్దవాడైన పేతురుదని ఊళ్ళో లెక్క. బోంగ్‌షిక్ జ్ఞానస్నానం పేరు పేతురు, కాబట్టి అది పుట్టుకతోనే తనకు రాసిపెట్టి ఉందని అతని నమ్మకం. చివరిది ప్రభువును వెండి నాణేలకు అమ్మేసిన యూదా కుర్చీ. ఒక ఏడు అందులో కూర్చున్న ముసలాయన పడవ ఇంజను వారం తిరక్కుండా చెడిపోయింది. అంతకు ముందు కూడా అది చెడిపోతూనే ఉండేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అప్పటి నుంచి ఏటేటా కొత్తగా జ్ఞానస్నానం పుచ్చుకున్న అమాయకుణ్ణి ఎవణ్ణో పట్టుకొచ్చి అందులో కూలేసేవారు.

పంటల పండక్కి ఫాదర్‌కి బేరిపళ్ళ బుట్ట మోసి, చర్చి ఫ్రిజ్ బాగుచేయించి, తను నిద్రపోయిన ప్రసంగాలను కూడా అద్భుతమని మెచ్చుకుని, చివరికి ఆ ఏడు బోంగ్‌షిక్ పిలుపు సంపాదించాడు. ఇక ఇంట్లో అతని కాళ్ళకు జరిగిన సేవ ఇంతా అంతా కాదు.

బుధవారం సాయంత్రం కుట్సున్ బురదలోంచి వచ్చి అరుగు మీద కూలబడింది.

"ఏవయ్యా, కాసిని వేణ్ణీళ్ళు పెడతావా? కుడికాలు రాయైపోయింది."

"ఇప్పుడా? కాళ్ళకి వాజలీను రాసుకుని కూచున్నానే. కింద పెడితే దుమ్మంటుకోదూ?"

"కాళ్ళు కడుగుతానని ఫాదరంటే నువ్వే ముందు కడిగేస్తున్నావు. ఇంక పాపం ఆయనకేం మిగిల్చావు?"

"నీకేం తెల్సే? ఫాదరు ముద్దుపెట్టుకునే కాలిది!"

"పెళ్ళి నాడు మొహం కూడా ఇంత తోముకోలేదు కదయ్యా నువ్వు."

గురువారం మధ్యాహ్నం అతను ఊరి స్నానశాలకు వెళ్ళి, డబ్బిచ్చి మరీ పాదాలు గరుకు గుడ్డతో రుద్దించుకున్నాడు. అరికాళ్ళు పసిపిల్లాడి బుగ్గల్లా ఎర్రబడ్డాయి. ఆ సుఖానికి వేడి గదిలో కాసేపు నడుం వాల్చాడు. మెలకువ వచ్చేసరికి చర్చి గంట మోగుతోంది.

కొత్త తెల్ల మేజోళ్ళతో రొప్పుతూ లోపలికి వచ్చి చూస్తే పదకొండు కుర్చీలు నిండి ఉన్నాయి. మొదటి దాంట్లో నాచు వ్యాపారి ఓక్ గ్యూచోల్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ ఏడు కొత్తవాళ్ళెవరూ మతంలో చేరలేదు. చివరి కుర్చీ ఖాళీగా ఉంది.

"లేరా గ్యూచోల్, అది పేతురు కుర్చీ," అన్నాడు బోంగ్‌షిక్ పళ్ళ బిగువున.

"నా పేరూ పేతురే కదరా. ముందొచ్చినవాడే పెద్ద పేతురు. చివర్న ఖాళీ ఉందిగా, ఫో. కుర్చీ కింద వెండి నాణేలేమన్నా దొరుకుతాయేమో చూసుకో."

ప్యో ఫాదర్ నడుముకు తువ్వాలు చుట్టుకుని, కూజా పట్టుకుని నిలబడ్డాడు. "కూర్చోండి బోంగ్‌షిక్ గారూ."

"నడుం నొప్పి ఫాదర్. నేనిలా నిలబడే ఉంటా."

"ఇంకెవరైనా రండి. పన్నెండో మనిషి కావాలి."

గుడిలో అందరికీ ఒక్కసారిగా పాటల పుస్తకాల మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. తలెత్తినవాడు లేడు. అప్పుడు వెనకాల తలుపు దగ్గర రబ్బరు బూట్లు బచబచమన్నాయి. సముద్రం పోటు ఆలస్యమై, కుట్సున్ బురదలోంచి నేరుగా పూజకు వచ్చింది.

"ఆడమనిషి కూచోవచ్చా ఫాదర్?"

"కూర్చోవచ్చమ్మా."

"నీళ్ళు వేడిగా ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా."

"అయితే కూచుంటా," అని వెళ్ళి యూదా కుర్చీలో కూర్చుంది.

పదకొండు కాళ్ళు కడిగినా పళ్ళెంలో నీళ్ళు పోసినవి పోసినట్టే తేటగా ఉన్నాయి. పన్నెండో మనిషి బూటు విప్పేసరికి గుడంతా సముద్రం వాసన వేసింది. పగిలిన మడమ, గోళ్ళ నిండా నల్లబురద. కూజా ఖాళీ అయింది, ఇంకోటి తెచ్చారు. ఫాదర్ మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలితో వేళ్ళ సందులు ఒక్కొక్కటీ రుద్దాడు. పళ్ళెం సిరాబుడ్డి అయింది. కుట్సున్ కళ్ళు మూసుకుని "అమ్మయ్య" అని పైకే అంది. ఆ వారమంతా ఆ చర్చిలో అంత నిజమైన ప్రార్థన ఇంకోటి వినపడలేదు.

బోంగ్‌షిక్‌కి ఏడుపొచ్చింది. పెళ్ళాం కాలు చూసి కాదు, తన కాలు వృథా అయిపోయినందుకు.

పూజ చివర ఫాదర్ ఒక్క మాటే అన్నాడు. "ప్రభువు యూదా కాళ్ళు కూడా కడిగాడు. ఇవాళ నేను నిజంగా కడిగిన కాలు ఒక్కటే."

మా ఊరివాళ్ళు ఫాదర్ మాట పెడచెవిన పెట్టే రకం కాదు. మరుసటి ఏడు కల్లా యూదా కుర్చీ అంత పవిత్రమైన కుర్చీ ఇంకోటి లేకుండా పోయింది. గ్యూచోల్ దాని కోసం పొద్దున్నుంచే తయారవుతున్నాడని కబురు. నాచు బుట్టలో కాలు ముంచుకుని మరీ బయల్దేరుతున్నాడట. ఆ ఏడు కూడా పిలుపు అందుకున్న బోంగ్‌షిక్ అది విని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తీరానికి వెళ్ళాడు. ఎడమకాలు తడవకుండా జాగ్రత్తపడి, కుడికాలు మాత్రం చీలమండ దాకా బురదలో ముంచుకున్నాడు.

టోపీ కోసం ఇంట్లోకి వస్తే, కుట్సున్ అప్పుడే బురదలోంచి వచ్చి అరుగు మీద కాలు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏవయ్యా, కాసిని వేణ్ణీళ్ళు పెడతావా?"

"ఇప్పుడెక్కడే! ఆ గ్యూచోల్ గాడు కుర్చీ కొట్టేస్తాడు."

ఆమె అతని కాలు చూసింది, తన కాలు చూసుకుంది. రెండింటి మీదా ఒకటే బురద.

"కుర్చీలు చర్చిలోనే ఉంటాయయ్యా. కాళ్ళు ఇంట్లో కూడా ఉన్నాయి."

బోంగ్‌షిక్ ఒక్క క్షణం ఆగాడు. ఆరితే బురద రాలిపోతుందని గుర్తొచ్చి, కుడికాలు నేలకు ఆనకుండా కుంటుకుంటూ చర్చి దారి పట్టాడు. కుట్సున్ లేచి తన నీళ్ళు తనే పెట్టుకుంది.