ఎమ్మిగనూరుకు నేను పెట్టిన దిష్టి

నోటితో జట్టును ముంచడం ఎలాగో చూడాలంటే పాతికేళ్ల వయసులో ఉన్న నన్ను మీరు చూసి ఉండాల్సింది. పంతొమ్మిది వందల డెబ్బైల్లో, ఆదోనిలో ఓ బడికి ఆటల మాస్టరుని. మెడలో విజిల్, తలలో గాలి.

మా కబడ్డీ జట్టు ఏటా ఎమ్మిగనూరు చేతిలో ఓడేది. "ఈసారి గూడా ఓడితే నీకు ఆటలొద్దప్పా, బడి గంట కొట్టుకుందువు" అన్నాడు హెడ్మాస్టరు. అప్పటిదాకా నేను పిల్లల్ని తిట్టని తిట్టు లేదు. వాళ్ల ఆట పెరగలేదు గానీ నా తిట్లు మాత్రం బాగా పదునెక్కాయి. ఇక మెచ్చుకుని చూద్దామనుకున్నాను.

కూతకు పోతే ఎవరికీ చిక్కనివాడు మా బాషా. "శభాష్! నీ మాదిరి కాళ్లు జిల్లాలో యెవనికీ లేవురా!" అని మైదానమంతా వినబడేలా పొగిడాను. మరునాడే వాడి చీలమండ బెణికింది.

వాళ్లమ్మ ఖాసింబీ నేరుగా మైదానంలోకే వచ్చింది.

"నా బిడ్డ కాళ్లను అంత పొగిడితివే సారూ! నీ నజర్ తగిలె. ఇంగ వాన్ని ఆటకు పంపను!"

"అమ్మా, నేను మెచ్చుకుంటి గదా..."

"అదే సెప్తాండా! తిట్టినన్నాళ్లు బిడ్డ బాగుండె!"

"మళ్లా తిడితే పంపిస్తావామ్మా?"

"యాదీ, ఒగసారి తిట్టు, ఇంటాను."

తిట్టాను. చాలలేదంది. ఇంకా తిట్టాను. అప్పటికి ఆమె మనసు చల్లబడింది. పోటీ నాటికి బాషా కాలూ నయమైంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుపడేవాణ్ణి. కానీ బుర్రంటూ ఒకటి ఉందే, అది ఖాళీగా ఉన్నా ఊరుకోదు. ఒక్క పొగడ్తకే కాలు బెణికితే, ఆ పొగడ్తలేవో ఎమ్మిగనూరు పిల్లల మీద పారేస్తే పోలా?

పోటీ రోజు గీత పక్కన నిలబడ్డాను. అవతలి జట్టులోంచి ఒక బక్కవాడు కూతకు వచ్చాడు. "ఆహా, పులిరా నువ్వు!" అని కేకేశాను. ఏడాది పొడుగునా తన మాస్టరు చేత గాడిదా అనిపించుకున్న పిల్లవాడు పాపం, వాడి మొహం పెట్రోమాక్స్ దీపంలా వెలిగింది. మా వాళ్లను ఇద్దర్ని ముట్టి చక్కా పోయాడు. దిష్టి ఇంకా తగల్లేదనుకుని గొంతు పెంచాను. "ఏం కాళ్లురా! ఏం పట్టురా!" ఒక్కొక్కణ్ణీ పొగిడాను. ఒక్కొక్కడూ ఇద్దరి ఆట ఆడాడు.

బాషా ఆట మధ్యలో గీత దగ్గరికి వచ్చాడు. కళ్లనిండా నీళ్లు. "సార్, మీరు యా ఊరి సార్?"

"నీకు తెల్దులేరా, వాళ్లకు దిష్టి పెడతాండా!"

"తగిలేది మాకే సార్."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. గాడిదా అనిపించుకోవలసినవాడు ఆ రోజు మైదానంలో ఒక్కడే ఉన్నాడు, వాడి మెడలో విజిల్ ఉంది.

చిత్తుగా ఓడాం. ఎమ్మిగనూరు పిల్లలు తమ మాస్టరును వదిలేసి నన్ను భుజాలకెత్తుకుని ఊరేగించారు. అంత ఎత్తు నుంచి మా హెడ్మాస్టరు మొహం చాలా స్పష్టంగా కనిపించింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదయ్యేసరికి బాగుపడింది పక్క ఊరు.

సోమవారం పొద్దున బడి గంట మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరినైనా మెచ్చుకోవాల్సి వస్తే, ముందు వాళ్లది ఏ ఊరో కనుక్కుంటాను. ఆ తర్వాత గంట కొట్టాను. బాగానే మోగింది. ఎవరూ మెచ్చుకోలేదు.