గాజు తీయనివ్వని చెయ్యి

రేపు మావారికి గుండె ఆపరేషన్. ఈ రోజు ఆసుపత్రి తలుపు తగిలి నా కుడిచేతి గాజులు చిట్లాయి. బీటవారి మిగిలిన ఒక్క గాజుతో చార్మినార్ పక్కన లాడ్ బజారుకు వెళ్ళాను. బండ్లు రాని వీధి కాబట్టి సరిపోయింది, నా ధ్యాసంతా ఆసుపత్రిలోనే ఉంది.

గాజుల కొట్టు పెద్దాయన, "ఈ పాతది ముందు తీసేయాలమ్మా, గీసుకుంటుంది" అన్నారు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"వద్దండీ! చెయ్యి బోసిగా ఉండకూడదు. రేపు మావారికి ఆపరేషను."

"ఏ ఊరమ్మా మీది?"

"గుంటూరు పక్కన నల్లపాడండి."

"మాదీ గుంటూరేగా! మా అమ్మా ఇంతే, అస్సలు ఒప్పుకునేది కాదు" అంటూ గాజుల కట్టకున్న దారం తెంపి నా మణికట్టుకు కట్టారు. ఆ తర్వాతే పాత గాజు తీశారు.

ఆసుపత్రికి తిరిగొచ్చాక నా కొత్త గాజులు చూసి మావారు, "ఆపరేషన్ నాకా, నీ చేతికా?" అన్నారు. నవ్వాను గానీ భయం పోలేదు. పొద్దున్నే, ఇది చదివే మీరూ మావారి కోసం ఒక్క దణ్ణం పెట్టుకోరూ?