సైకిల్ సీటు కోసం ఇసుకలో కూర్చున్న రోజు

నా చిన్నప్పుడు మా ఊరి నుంచి హైస్కూలుకు వెళ్లే ఆడపిల్లను నేనొక్కదాన్నే. బడి భద్రాచలం దగ్గరి పర్ణశాల ఊరు దాటి ఇంకా చాలా దూరం. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నాన్న కొత్తగూడెంలో బొగ్గుగనిలో పనిచేసేవాడు, సెలవు దొరికినప్పుడే వచ్చేవాడు. తన పాత సైకిల్ నాకిచ్చి, నన్ను నాయనమ్మ దగ్గర ఉంచాడు.

టేకు చెట్ల మధ్య ఆ దారిలో నా సైకిల్ చైను చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. మనిషి గొంతు వినాలనిపించి, ఎక్కాలు పైకే చదువుకుంటూ తొక్కేదాన్ని.

సైకిల్ సీటు సన్నగా, రాయిలా ఉండేది. దాని మీద బూరుగుదూది కుక్కిన మెత్త కట్టుకున్నాను. మొదట హాయిగానే ఉంది. కొన్నాళ్లకే పుండ్లు పడ్డాయి. పడిన చోటు ఎవరికీ చెప్పుకోలేనిది. చివరికి నాయనమ్మతో బడికి పోనన్నాను.

"పోకుంటే పోకు బిడ్డా, ఇంట్ల పనుంది" అంది.

ఎందుకని అడగలేదు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది నొప్పికి కాదు, ఆ ఒక్క మాట అడగనందుకు.

పక్కింట్లో కిరాయికి ఉండే అక్క నర్సు. అడవిలోని గూడేలన్నీ సైకిల్ మీదే తిరిగేది. ఆ సాయంత్రం నేను నిలబడి అన్నం తినడం గోడ అవతలి నుంచి చూసి, లోపలికి వచ్చింది.

"ఏమైందే?"

"ఏం లే."

"ఎక్కడ నొస్తుందో చెప్పు. చెప్పకుంటే మందు ఎక్కడ పెట్టాలె నేను? చెప్పుకోరాని జాగా ఒంట్ల ఏదీ లేదు చెల్లె."

చెప్పేశాను. అక్క తలుపు వేసి, పుండ్లకు మందు రాసింది.

పుండ్లు మానాక అక్క నన్ను గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లి తడి ఇసుకలో కూర్చోమంది. లేచి చూస్తే పిరుదుల కింది ఎముకలు దిగినచోట రెండు గుంటలు పడ్డాయి.

"బరువంతా గీ రెండు ఎముకల మీదనే నిలవాలె. నీ సీటు సన్నగుంది, ఆ రెంటి నడుమల గుచ్చుతది. మెత్త పెడితే ఇంకింత దిగబడి ఒరుసుకుంటది."

నేను నమ్మనట్టు చూశానేమో, తనూ నా పక్కనే కూలబడింది. "సూడు, నాకూ గిట్లనే." నా గుంటల పక్కన ఆమె గుంటలు. ఇద్దరం నవ్వుకున్నాం. నాకు అక్కడి నుంచి ఇంటికి రాబుద్ధి కాలేదు.

గుంటల మధ్య ఎడం ఒక పుల్లతో కొలుచుకుంది. కొత్తగూడెం పోయినప్పుడు దానికి తగిన వెడల్పాటి సీటు తెచ్చి, నా కాళ్లు అందేలా కిందికి దించి బిగించింది. గట్టిగానే ఉంది, కానీ మళ్లీ పుండు పడలేదు. నేను బడి మానలేదు.

ఆ చలికాలమే అక్కకు బదిలీ అయింది. నేను బడి నుంచి వచ్చేసరికి పక్కింటికి తాళం వేసి ఉంది. ఆమెను మళ్లీ చూడలేదు. పదో తరగతి దాకా ఆ అడవిదారిన ఒక్కదాన్నే తొక్కాను.

ఇప్పుడు దవాఖానాకూ ఒక్కదాన్నే పోతాను. నా ముందున్న ఆడవాళ్లు డాక్టరుతో "ఏం లేదు సార్, జర నలతగుంది" అని తల దించుకుంటారు. నేను మాత్రం ఎక్కడ నొప్పో వేలుపెట్టి చూపిస్తాను. ఇంట్లో వినేవాళ్లు ఎవరూ లేని రోజుల్లో కూడా, నొప్పి వస్తే పైకే చెప్పుకుంటాను.